అరువిచ్చిన ఉమ్మి

అక్కయ్యకు,

తమ్ముడు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం క్షేమం. కాళ్లూ చేతులూ ఎక్కడివక్కడే ఉన్నాయి, వేళకి తింటున్నాం. అక్కడ నువ్వూ, అమ్మా, చిట్టీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. "క్షేమం" అనే మాట రాసేముందు పక్క మంచం వైపు ఒకసారి చూసి మరీ రాశాను. నా సంగతి నీకు తెలియనిదేముంది, కళ్లతో చూడనిదే ఏదీ నమ్మను.

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే పక్కనే బావ ఉంటాడని ఉత్తరమే రాయమన్నావు, పైగా గది అడ్రసుకి కాకుండా టీ కొట్టు అడ్రసుకి పంపావు. మంచి పని చేశావు. టీ కొట్టువాడు విప్పి చదివాడేమోనని కవరుని వెలుతురులో పెట్టి చూశాను. విప్పలేదు. విప్పి మళ్లీ అంత శుభ్రంగా అంటించే ఓపిక వాడికి లేదు.

ముందు చిన్న సంగతులు. అమ్మ మోకాలికి రాసుకునే మందు ఇక్కడ దొరికింది, పంపుతున్నాను, మూత సీలు చూసి తియ్యమను. చిట్టి వేసిన బొమ్మ గోడకి అంటించాను. గోడౌన్ కప్పు కింద వేలాడే గాజు గదిలో వాళ్ల నాన్న, కింద నేలమీద చెయ్యెత్తి నేను, మా ఇద్దరికీ మధ్య గొలుసుకి వేలాడుతూ పెద్ద ఇనపరేకు చుట్ట. ఆ చుట్టని సరిగ్గా నా నెత్తిమీదే వేసింది. మా పని ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. చుట్టకి కొక్కెం తగిలించేది నేను, క్రేనుతో ఎత్తేది బావ. నేను చేత్తో సైగ చేస్తాను. సైగ అందిందని బావ పైనుంచి ఒకసారి గంట కొడతాడు. గంట వినపడ్డాకే నేను అడుగు కదుపుతాను. లోకంలో అన్నింటినీ అనుమానించాను గాని, అక్కయ్యా, ఆ గంటని మాత్రం ఏనాడూ అనుమానించలేదు.

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న. బావకి ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?

కిందటిసారి ఇంటికొచ్చినప్పుడు జేబురుమాలు సెంటు వాసన కొట్టిందన్నావు. జేబునిండా పిప్పరమెంట్లు. ఎన్నడూ లేనిది కూనిరాగాలు. ఉన్న రెండు రోజులూ నీకు వీపు చూపించి పడుకున్నాడు. ఇక ఫోన్లో నువ్వు చిట్టి బడి కబుర్లు చెబుతుంటే మధ్యలో ఊ కొట్టడం మానేస్తాడు, పిలిచినా పలకడు, నీకు ఒళ్లు మండి పెట్టేస్తున్నావు. ఉద్యోగం అక్కడికి బదిలీ చెయ్యమని అడగాలో, ఆయన దారి ఆయనదీ నా దారి నాదీ అనుకోవాలో నీ జవాబు చూశాకే తేల్చుకుంటాను అని రాశావు.

చదివి నాకు సిగ్గేసింది. అంత దూరంలో ఉన్న నీకు తట్టింది, ఒకే గదిలో పడుకునే నాకు తట్టలేదంటే ఇక నా అనుమానం దేనికి పనికొచ్చినట్టు? ఆ రోజునుంచే బావ మీద కన్నేశాను.

భోజనాలవేళ బావ ఎవరితోనూ కూర్చోడు. నిలబడే నాలుగు ముద్దలు మింగి ఎటో మాయమవుతాడు. వెంటపడ్డాను. గోడౌన్ వెనక తుక్కు గుట్టల పక్కన ఒక కుళాయి ఉంది. దాని కింద తలపెట్టి బాగా తడుపుకున్నాడు, దువ్వుకున్నాడు, చిన్న సీసాలోంచి రుమాలు మీద సెంటు చల్లుకుని ముక్కుకీ కళ్లకీ అద్దుకున్నాడు, పిప్పరమెంటు బుగ్గన పెట్టాడు. అక్కడే అటూ ఇటూ నడుస్తూ పాట ఎత్తుకున్నాడు. ఇంత ముస్తాబూ ఎవరికోసమా అని రేకుల చాటున ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. నన్ను చూసేసి, ఆ వచ్చే మనిషిని సైగతో పంపేశాడేమో అనుకున్నాను గాని, ఎవరూ లేరేమో అని మాత్రం అనుకోలేదు.

తర్వాత క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడ మీద పడింది నా చూపు. బావకి మాత్రం అడక్కుండానే రెండో గ్లాసు టీ పోస్తుంది, అదీ చిక్కగా. ఆవిడ చుట్టూ తిరిగాను. ఒకరోజు అందరి ముందూ నన్ను ఆపి, "ఏం బాబూ, రోజూ నన్నే చూస్తున్నావు, నా మనవరాలికి సంబంధం ఏమన్నా తెచ్చావా?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. బావ పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు చూసి కూడా అనుమానించాను.

ఇదిలా ఉండగా మా గోడౌన్‌కి ఉమ్మి పరీక్ష వచ్చింది. నవ్వకు, నిజమే. పెద్దాసుపత్రినుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. బరువైన యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లలో పగలంతా నిద్రమత్తుతో ఉండేవాళ్లెవరో ఉమ్మి చూసి పసిగట్టవచ్చా అని వాళ్లు పరిశీలిస్తున్నారట. నిద్ర చాలని మనిషి ఉమ్మిలో ఏదో ఒక పదార్థం పాలు పెరుగుతుందని వాళ్ల లెక్క. ఇదొక్కటే చూసి ఎవరికీ జబ్బు అంటగట్టమనీ, ఎక్కువగా కనిపించినవాళ్లని ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి, ఒంటికి తీగలు తగిలించి నిద్ర ఎలా ఉందో చూస్తామనీ చెప్పింది. తలా ఒక చిన్న ప్లాస్టిక్ సీసా ఇచ్చి, పొద్దున్నే పళ్లు తోముకోకముందు, ఏమీ తినకముందు ఇంటి దగ్గరే నింపి తెమ్మంది.

నాకు వెంటనే తేడాగా అనిపించింది. నిద్ర సంగతి తెలియాలంటే కళ్లు చూడాలి, నోరు చూడడమేమిటి? ఉమ్మిలో ఇంకేమేం కనపడతాయి? ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మీసాలాయన నములుడు పొగాకు మనిషి. ఆయన గొంతు తగ్గించి, మందూ పొగాకూ షుగరూ అన్నీ అందులో బయటపడతాయనీ, మనలో కొంతమందిని వదిలించుకోవడానికి కంపెనీ ఆడుతున్న నాటకమనీ చెప్పాడు. నేను వింటూ ఊరుకున్నానా? దానికి ఇంకో నాలుగు కలిపాను. ఆ సీసాలు ఎక్కడికి పోతాయో ఎవరు చూశారు, ఒకసారి మన ఉమ్మి వాళ్ల చేతిలో పడితే మన జాతకం పడ్డట్టే అని నేనే అందరి గుండెల్లో గుబులు పుట్టించాను.

అప్పుడు మీసాలాయన ఒక ఉపాయం చెప్పాడు. అందరం ఒక మంచి ఉమ్మి పట్టుకెళదామన్నాడు. గోడౌన్ మొత్తంలో మచ్చలేని ఉమ్మి ఎవరిది? బావది. బీడీ లేదు, మందు లేదు, నములుడు లేదు. రాత్రి పక్కమీద ఒరిగితే గురకపెట్టి తెల్లారేదాకా లేవడు. పగలంతా నిలబడే ఉంటాడు, పాటలు, పరాచికాలు. అసలు మనవాళ్లు అతనికి పెట్టిన పేరే "కునుకులేనోడు".

పొద్దున్నే అందరూ సీసాలు పట్టుకుని మా గదికొచ్చారు. బావ మంచం మీద కూర్చుని సీసా తర్వాత సీసా నింపాడు. మూడోదానికి నోరెండిపోయింది. నేను నిమ్మకాయ కోసి ఆయన ముక్కు కింద పెట్టి నోరూరించాను. "నా ఉమ్మికి ఇంత గిరాకీ ఉందని తెలిస్తే ఇన్నేళ్లూ ఊరికే మింగేవాణ్ణి కాదురా" అన్నాడు. మీసాలాయన నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. ఆరు సీసాలు నిండాయి. అందులో ఒకటి బావది, ఒకటి నాది. ఈ గొడవలో కలవని మిగతావాళ్లు సొంత ఉమ్మే ఇచ్చారు.

కొన్నాళ్లకి డాక్టరమ్మ ఫలితాలు తెచ్చింది. సొంతంగా ఇచ్చినవాళ్లందరిదీ మామూలుగా ఉంది. మా ఆరుగురిదీ మాత్రం మితిమీరి ఉంది, అందరిదీ ఇంచుమించు ఒకేలా. మేనేజరు ఆ కాగితం చూసి బల్ల చరిచి నవ్వాడు. ఈ కునుకులేనోడికే నిద్రమత్తు అని చెప్పే పరీక్ష తన గోడౌన్‌కి అక్కర్లేదన్నాడు. డాక్టరమ్మ మొహం చిన్నబోయింది. మళ్లీ ఒకసారి సీసాలు తీసుకుంటానని బతిమాలింది. మేనేజరు ఆవిడకి దారి చూపించాడు. ఆయనకి ఆ పరీక్ష పోవడమే కావాలని, ఎవరికైనా నిద్రమత్తు ఉందని తేలితే వాళ్లకి విశ్రాంతి ఇవ్వాల్సి వస్తుందని భయపడ్డాడని నాకిప్పటికీ అనుమానమే.

ఆ సాయంత్రం మీసాలాయన అందరికీ టీ పోయించాడు. నేను గ్లాసు పక్కనపెట్టి లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. ఒకే బస్తా బియ్యాన్ని ఆరుసార్లు తూచినా ఒకే బరువు చూపిందంటే ఆ త్రాసు తప్పుదెలా అవుతుంది? ఆరు సీసాల్లో ఉన్నది ఒకే మనిషి ఉమ్మి. ఆరింటికీ ఒకే జవాబొచ్చింది. పరీక్ష సరిగ్గానే చెప్పింది, చెప్పింది బావ గురించి. ఆ సంగతి తెలిసినవాళ్లం మేం ఆరుగురమే. అందులో ఐదుగురు బతికిపోయామని సంతోషంగా టీ తాగుతున్నారు.

అయినా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తెల్లవార్లూ గురకపెట్టేవాడికి నిద్ర చాలకపోవడమేమిటి అనుకున్నాను. ఏదో అయ్యుంటుందిలే అని, జన్మలో మొదటిసారి, ఒక అనుమానాన్ని పక్కనపెట్టాను.

ఆ తర్వాత జరిగింది విను. ఒక మధ్యాహ్నం చుట్ట గాల్లో ఉంది. కింద వరస సర్దడానికి నేను దాని దారిలోకి వెళ్లాల్సి ఉంది. ఆపమని సైగ చేశాను. గంట రాలేదు. మళ్లీ చేశాను. చుట్ట ఆగలేదు, నా వైపే వస్తోంది. అరిచాను. పక్కకి దూకి రెండు వరసల మధ్య సందులో పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే, కంగారుపడకు. అప్పుడు మోగింది గంట. చుట్ట ఆగింది.

కిందకి దిగి వచ్చినప్పుడు బావ నవ్వుతూనే ఉన్నాడు. నన్ను కాస్త గెంతిద్దామని చేశానన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆయన నుదురు చూశాను. పైన గాజు గది కిటికీకి అడ్డంగా ఉండే ఇనపకమ్మీ అచ్చు ఎర్రగా పడి ఉంది. తల వాల్చి పడుకుంటేగాని అలాంటి గీత పడదు.

అక్కయ్యా, ఇక నీ దగ్గర దాచి లాభం లేదు. బావని క్రేను మీంచి దింపించింది నేనే.

మర్నాడు సెలవు పెట్టి, వాకబు చేసుకుంటూ పెద్దాసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ తన గదిలో మా సీసాల పెట్టె ముందేసుకుని కూర్చుంది. చీటీలు అంటించడంలో తనే ఎక్కడో పొరబడిందని ఆవిడ తనని తాను అనుమానించుకుంటోంది. జరిగిందంతా చెప్పాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"ఆయన గురక మీరు రోజూ వింటారా?" అని అడిగింది.

"వింటాను. వీధంతా వింటుంది."

"మధ్యలో ఎప్పుడైనా ఆగుతుందా?"

ఆగుతుంది. ఒక్కసారిగా ఆగిపోతుంది, కాసేపు చప్పుడే ఉండదు, తర్వాత నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు గట్టిగా ఒక గుటక, మళ్లీ గురక. ఆ ఆగినప్పుడల్లా హమ్మయ్య అనుకుని నేను నిద్రలోకి జారుకునేవాణ్ణి. అప్పుడు ఆగుతున్నది గురక కాదు, ఊపిరి కావచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఊపిరి ఆగినప్పుడల్లా ఒళ్లు ఉలిక్కిపడుతుందట, మనిషికి తెలియకుండానే నిద్ర తెగుతుందట. అదేనా కాదా అన్నది తీగలు తగిలించి చూస్తేగాని చెప్పలేనంది.

తేలేదాకా ఆయన క్రేను ఎక్కకూడదనీ, కంపెనీకి చెప్పక తప్పదనీ ఆవిడ అంది. ఎవరు చెప్పారని అడిగితే మీ పేరు చెప్పవచ్చా అని నన్నడిగింది. చెప్పమన్నాను.

చెప్పింది. మేనేజరుకి ఇక నవ్వడానికి వీల్లేకపోయింది. బావని ఆ రోజే అందరూ చూస్తుండగా పైనుంచి దింపి, స్టోర్‌లో మేకులూ గొలుసులూ ఇచ్చే పనికి మార్చారు. ఆరుగురికీ చీవాట్లు పడ్డాయి. ఇప్పుడు టీ కొట్టు దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. మీసాలాయన నన్ను చూస్తే చాలు, ఉమ్మేసి మొహం తిప్పుకుంటున్నాడు.

ఆ మధ్యాహ్నం బావ గదికి వచ్చాడు. అంత కోపం ఆయనలో ఎన్నడూ చూడలేదు. నిలబడి తిట్టాడు. నేను తలొంచుకుని పడ్డాను. కాసేపటికి కాళ్లు లాగాయేమో మంచం మీద కూర్చున్నాడు. "మీ అక్క మొహం చూసి నిన్ను తమ్ముడిలా..." అన్నాడు. మాట అక్కడే ఆగిపోయింది. తలెత్తి చూస్తే గడ్డం గుండెకి ఆనింది, చూపుడువేలు ఇంకా నావైపే చాచి ఉంది. కోపంతో ఊగిపోతున్న మనిషి మాట మధ్యలో నిద్రపోయాడక్కయ్యా.

నేను కదలకుండా నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. కొంతసేపటికి ఉలిక్కిపడి లేచి చుట్టూ చూశాడు.

"ఎక్కడిదాకా వచ్చాను?" అన్నాడు.

"తిట్లు ఇంకా సగం ఉన్నాయి బావా."

ఈసారి నవ్వలేదు. మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. "కూర్చుంటే పోతున్నానురా. అందుకే కూర్చోను" అన్నాడు.

ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఏమని చెప్పను? రాత్రంతా పడుకుంటూనే ఉన్నాను కదా. అయినా పగలు నిద్రొస్తోందంటే ఒళ్లొంగనివాడంటారు. పైనుంచి దింపేస్తారు. మీ అక్క ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?" అన్నాడు. తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. "దింపించినందుకు కాదురా నా బాధ. నన్నొక్క మాట అడక్కుండా ఆవిడ దగ్గరికి పోయావు చూడు, అందుకు."

అడిగితే పరాచికాలాడి తప్పించుకుంటాడని అడగలేదు. నాకు అనుమానించడం వచ్చినంతగా అడగడం రాదు. చిన్నదానివి కాదు, కోపం తెచ్చుకోకు, నీకూ రాదు.

ఆ తర్వాత ఆయన నాతో మాటలు మానేశాడు. ఇప్పుడు నీకు నీ ప్రశ్నకి జవాబు దొరికే ఉంటుంది. ఆ సెంటూ, పిప్పరమెంట్లూ, కుళాయి కింద తలా, కూనిరాగాలూ అన్నీ నిద్రని తరమడానికే. క్యాంటీన్ ఆవిడ చిక్కటి టీ కూడా అందుకే. పాపం, కునికిపాట్లు ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది. నీకు వీపు చూపించి పడుకున్నది నీమీద విముఖతతో కాదు. కూర్చోవడానికీ పడుకోవడానికీ భయపడక్కర్లేని చోటు ఆయనకి మన ఇల్లొక్కటే.

డాక్టరమ్మ వచ్చే సోమవారానికి ఆసుపత్రిలో పక్క ఏర్పాటు చేసింది. బావ వెళ్లనంటున్నాడు. తీగలు పెట్టించుకుని రోగినని ముద్ర వేయించుకుంటే ఇక క్రేను దక్కదని ఆయన భయం. వైద్యం చేయించుకుంటే మళ్లీ ఎక్కవచ్చునని ఆవిడ అంటోంది, నేను చెబితే వినడు. నా మాటకి ఇక ఈ గదిలో విలువ లేదు. నువ్వు రావాలి. బదిలీ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు సెలవు పెట్టి రా. వచ్చి నీ అనుమానమంతా ఆయన మొహం మీదే అడిగెయ్యి. అది విని కోప్పడినా సరే, నవ్వినా సరే, నువ్వు చెయ్యి పట్టుకుంటే ఆసుపత్రికి వస్తాడు.

ఇది రాస్తుంటే పక్క మంచం మీద బావ పడుకుని ఉన్నాడు. గురక ఆగింది. కలం పట్టుకుని ఎదురుచూశాను. మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఆగినప్పుడల్లా నాకు నిద్ర పట్టడం లేదు.

నువ్వు బయల్దేరేలోపు ఆయన ఫోన్ చేస్తాడు, చిట్టి కబుర్లు అడుగుతాడు. మధ్యలో ఊ కొట్టడం ఆగిపోతే ఈసారి కోపంతో పెట్టెయ్యకు. చెవి దగ్గరే పెట్టుకుని కాసేపు విను.

ఇట్లు,
గంట కోసం ఎదురుచూస్తున్న
నీ అనుమానాల తమ్ముడు